పంటిగాట్ల సెల్లు: పాత ఎలక్ట్రానిక్ ఆటలు ఎందుకు యాదికొస్తాయి

పాత వీడియో గేమ్ వెనక మూత ఊడదీస్తే లోపలి సెల్లు మీద పంటిగాట్లు కనిపిస్తాయి. పాలమూరు, నల్లగొండ వైపు తొంభైలలో పిల్లలుగా ఉన్నవాళ్లకు ఈ గాట్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆట మధ్యలో తెర వెలిసిపోతే సెల్లు బయటికి తీసి, దవడ పళ్ల మధ్య పెట్టి గట్టిగా ఓ కొరుకు కొరికి, మళ్లీ లోపలేసేవాళ్లు. ఓపిక ఉన్నవాళ్లు గచ్చు మీద ఎండబెట్టేవాళ్లు. పెద్దవాళ్లు చూస్తే తిట్టేవాళ్లే. కానీ వార్తల టైముకు రేడియో గొంతు పడిపోతుందని పొద్దున్నే దాని సెల్లు గోడ మీద ఎండకు పెట్టేదీ వాళ్లే.

ఈ నాటువైద్యంలో కొంత పస ఉంది. అప్పట్లో కిరాణా కొట్టులో దొరికే సెల్లు ఎక్కువగా జింక్–కార్బన్ రకం. బయటి డబ్బా జింకు, నడుమ నల్లటి కార్బన్ కడ్డీ, ఆ రెండింటి మధ్య మాంగనీస్ డయాక్సైడ్, బొగ్గుపొడి కలిపిన తడి ముద్ద. కరెంటు తీసుకునే కొద్దీ రసాయన చర్యలో పుట్టిన పదార్థాలు ముద్దలో ఒకచోట పేరుకుని కరెంటు దారికి అడ్డం పడతాయి. కాసేపు వదిలేస్తే అవి చెదిరిపోయి సెల్లు కొంచెం కోలుకుంటుంది. ఎండ తగిలితే ఆ పని ఇంకా తొందరగా అవుతుంది. కొరికినప్పుడు లోపలి ముద్ద నొక్కుకుని కడ్డీకి మళ్లీ ఆనుకుంటుంది. వచ్చే లాభం పది నిమిషాలో, పావుగంటో. ఆ పావుగంట కోసం చుట్టూ నలుగురు పిల్లలు గొంతుక్కూర్చుని చూస్తుండేవాళ్లు.

అసలు సంగతి ఆ నలుగురి దగ్గరే ఉంది. పాత ఎలక్ట్రానిక్ ఆటల మీద ఇప్పుడు కనిపించే మమకారానికి బొమ్మ గొప్పతనమే కారణమని చెప్పడం తేలిక. దక్షిణ తెలంగాణ విషయంలో ఆ మాట అతకదు. ఇక్కడ ఒక బొమ్మకు పది చేతులు. యాదిలో మిగిలింది బొమ్మ కన్నా ఆ పది చేతుల లొల్లి.

పేరు విషయం ఒకటి ముందే తేల్చుకోవాలి. ఇక్కడ అన్నిటికీ కలిపి ఒకటే మాట, ‘వీడియో గేమ్’. టీవీకి తగిలించేదీ వీడియో గేమే, చేతిలో పట్టుకునేదీ వీడియో గేమే, బోర్డు మీద బల్బు వెలిగేదీ వీడియో గేమే. బటన్ నొక్కితే నీళ్లలో రింగులు ఎగిరే ప్లాస్టిక్ డబ్బాను కూడా కొన్ని ఇళ్లల్లో ఆ పేరుతోనే పిలిచేవాళ్లు, దానికి సెల్లే లేకపోయినా.

బోర్డు ఆటకు కరెంటు కలపడం అమెరికాలో చాలా ముందే జరిగింది. 1965లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ ‘ఆపరేషన్’ అనే ఆట తెచ్చింది. దాని మూలం జాన్ స్పినెల్లో అనే కాలేజీ విద్యార్థి ఆలోచన. ఆ ఆలోచనను అతను 500 డాలర్లకు అమ్ముకున్నాడు. బోర్డు మీద ఒక రోగి బొమ్మ పడుకుని ఉంటుంది. ఒంటి మీద గుంటల్లో చిన్న చిన్న ప్లాస్టిక్ ఎముకలు. లోహపు చిమటాతో వాటిని బయటికి తీయాలి. చిమటా గుంట అంచుకు తగిలిందా, బజర్ మోగి రోగి ముక్కు ఎర్రగా వెలుగుతుంది. లోపల చిప్పు లేదు, లెక్క లేదు. చిమటా, లోహపు అంచు కలిస్తే అదే స్విచ్చు. మన దగ్గర సైన్స్ ఫెయిర్లలో వంకర తీగ మీద రింగు తగలకుండా జరపమనే ఆట ఉంటుంది కదా, రెండింటి సూత్రం ఒకటే.

చిప్పు ఉన్న ఆటలకు పెద్ద మలుపు 1978లో వచ్చిన ‘సైమన్’. రాల్ఫ్ బేయర్, హోవార్డ్ మారిసన్ తయారుచేసిన ఈ గుండ్రటి ఆటలో నాలుగు రంగుల పలకలు వెలుగుతూ, మోగుతూ ఒక వరస చూపిస్తాయి. అదే వరసలో నొక్కాలి. ఒక్కో దఫాకు వరస ఒక్కో మెట్టు పెరుగుతుంది. ఏ వరసలో మోగినా చెవికి ఇంపుగా ఉండాలని బేయర్ బ్యూగిల్ అనే సైనికుల బాకా స్వరాలు నాలుగు ఎంచుకున్నాడు. లోపల ఉన్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీఎంఎస్ 1000 చిప్పు. ప్రోగ్రామ్‌కు ఒక కిలోబైట్ జాగా, ఆట నడిచేటప్పుడు గుర్తుపెట్టుకోవడానికి 256 బిట్లు, అంతే దాని ఆస్తి. ఇవాళ వాట్సాప్‌లో పంపే ఒక్క ‘గుడ్ మార్నింగ్’ బొమ్మలో అలాంటి చిప్పులు వందలు ఇమిడిపోతాయి.

ఈ ఆటలు తెచ్చిన అసలు కొత్తదనం వెలుగూ కాదు, మోతా కాదు. బోర్డు ఆటలోకి మనిషి కాని తీర్పరిని తెచ్చాయి. దాని సంగతి తెలియాలంటే అష్టాచెమ్మా పక్కన పెట్టి చూడాలి. సుద్దముక్కతోనో బొగ్గుతోనో అరుగు మీద ఐదు గళ్లు ఇటు, ఐదు గళ్లు అటు గీసి, ఒక పక్క అరగదీసిన చింతగింజలో, గవ్వలో వేస్తారు. గవ్వ ఒకటి గడప రాయికి ఆనుకుని వాలుగా నిలబడింది అనుకోండి. అది పడ్డట్టా, పడనట్టా? ‘చెల్లదు, మళ్లీ వెయ్’ అని ఒకరు, ‘ఎట్ల చెల్లదు’ అని ఇంకొకరు. పక్కన బియ్యం ఏరుతున్న అమ్మమ్మ దాకా పోతుంది పంచాయితీ. ఆమె తీర్పు చెప్పినా ఓడినవాడు ‘తొండి’ అంటూనే ఉంటాడు. ఆటలో సగం ఈ తగవే. కైలాసం పటమైనా, పచ్చీసైనా, గోటీలైనా, చిర్రగోనె అయినా ఇదే కథ. ఎవరు గెలిచారన్నది మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన సంగతి.

బజర్‌తో మాట్లాడుకోవడం కుదరదు. మోగిందంటే మోగింది. దానికి మొహమాటం లేదు, మేనమామ కొడుకని చూడదు. పిల్లలకు ఇది ఒక వింత, ఒక ఊరట కూడా. ఇంట్లో చిన్నవాడు మొదటిసారి పెద్దన్నను ఓడిస్తే, అన్న ఒప్పుకోక తప్పని ఆట ఇది.

అయితే తగవు అంత తేలిగ్గా పోయే జబ్బు కాదు. ఒకచోట నుంచి లేచి ఇంకోచోట కూర్చుంది. పాయింట్ల మీద వాదన పోయింది, వంతు మీద వాదన మొదలైంది. ఎవరి తరవాత ఎవరు, ‘అవుట్’ అయితే వెంటనే ఇచ్చేయాలా, ఒక్కో ‘లైఫ్’కు ఒకరా, మూడు ‘లైఫులు’ అయ్యేదాకా ఒకరేనా? ‘అన్నా, ఒక్క లైఫ్ ఇయ్యన్నా’ అనే బతిమాలాట ఆ కాలపు పిల్లల భాషలో స్థిరపడిపోయింది. బొమ్మ ఎవరి ఇంట్లో ఉంటే వాళ్లదే రాజ్యం. వాళ్లకు హోంవర్క్ రాసిపెట్టడం, గోటీలు ఇవ్వడం, రేగుపండ్లు తెచ్చిపెట్టడం, ఇవన్నీ ‘లైఫ్’ ధరలు.

ఒక బొమ్మకు పది చేతులు ఎందుకయ్యాయి అంటే సరుకు వచ్చిన దారులు చూడాలి. 1991 ఆర్థిక సంస్కరణలకు ముందు విదేశీ బొమ్మలు మామూలు దుకాణంలో దొరికే సంగతి లేదు. మిల్టన్ బ్రాడ్లీని 1984లో అమెరికా బొమ్మల కంపెనీ హాస్బ్రో కొనేసింది. టైర్ల కంపెనీ ఎంఆర్ఎఫ్‌తో కలిసి ఆ హాస్బ్రోనే 1987లో మన దేశంలో ఫన్‌స్కూల్ అనే బొమ్మల కంపెనీ మొదలుపెట్టింది. పెద్ద ఊళ్ల షోరూముల్లో బోర్డు ఆటలు పెరిగాయి. కానీ మిర్యాలగూడ, వనపర్తి, నారాయణపేట పిల్లల చేతికి చేరినవి ఎక్కువగా పేరు లేని సరుకే. నల్లగొండ బస్సైనా మహబూబ్‌నగర్ బస్సైనా చివరికి దిగేది హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో. అక్కడి నుంచి కోఠికి నడిచిపోవచ్చు. కోఠిలో గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ సామాన్లకు పేరు, ఆ పక్కన బేగంబజార్ హోల్‌సేల్ బొమ్మలకు పేరు. జనవరిలో అయితే నాంపల్లి నుమాయిష్. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్‌కు జిల్లాల నుంచి ఏడాదికోసారి పోయి రావడం చాలా కుటుంబాలకు అలవాటు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక మిర్చిబజ్జీ పొట్లం, సంచిలో ఒక సెల్లు బొమ్మ.

రెండో దారి జాతర. మాఘంలో చెర్వుగట్టు, మన్యంకొండ, కార్తీకంలో కురుమూర్తి, రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి దగ్గర పెద్దగట్టు. దేవుడి దర్శనం అయ్యాక పిల్లలను దాటించడం కష్టమయ్యేది బొమ్మల దుకాణాల దగ్గరే. 2001 ఏప్రిల్ 1తో వినియోగ వస్తువుల దిగుమతుల మీద ఉన్న పరిమాణ పరిమితులు దాదాపు అన్నీ ఎత్తేయడంతో ఈ దుకాణాల రంగు మారిపోయింది. చైనా సరుకు కుప్పలుగా వచ్చిపడింది. దాంతో ఒక్కో వాడకు ఒకటి ఉన్న బొమ్మ ఒక్కో ఇంటికి ఒకటి అయింది. వింతేమిటంటే, యాదిలో ఆ రెండో కాలానికి అంత చోటు లేదు.

మూడో దారి బొంబాయిది. దీని దగ్గర కొంచెం ఆగాలి. పాలమూరు నుంచి, ముఖ్యంగా నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు నుంచి, కూలి పనులకు బొంబాయి, పుణె పోవడం తరాల నాటి బతుకు. ఇక్కడి బస్టాండ్లలో బొంబాయి బస్సు అందరికీ తెలిసిన బండి. అలా పోయినవాళ్లు పండగకో జాతరకో ఇంటికొచ్చేటప్పుడు, ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్న బొమ్మ ఒకటి సంచిలో ఉండేది. మేస్త్రీ కింద ఇటుకలు మోసే నాయిన, తెర మీద ఇటుకలు పేర్చే ఆటను కొడుక్కి తేవడం అనే సంగతిని ఎవరైనా కల్పించి రాస్తే అతిగా అనిపిస్తుంది. కానీ ఆ ఆటకు పేరే ‘బ్రిక్ గేమ్’.

‘నోస్టాల్జియా’ అనే మాట పుట్టుకకూ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి, ఇంటికి దూరంగా ఉన్నవాళ్లను పట్టుకునే బెంగకు గ్రీకు మాటలు రెండు అతికించి ఆ పేరు పెట్టాడు. ఒకటి ‘ఇంటికి తిరిగి రావడం’, రెండోది ‘నొప్పి’. అప్పట్లో దాన్ని రోగంగానే లెక్కవేశారు. కాలం మీద బెంగ అనే అర్థం తరవాత వచ్చింది. బొంబాయి నుంచి వచ్చిన బొమ్మ విషయంలో ఈ రెండు అర్థాలూ ఒకేచోట కలుస్తాయి. కొన్నవాడిది ఊరి మీద బెంగ, ఆడినవాడిది ఇప్పుడు ఆ కాలం మీద బెంగ. తెలంగాణలో దీన్నంతటినీ ‘యాది’ అనే రెండక్షరాలతో సరిపెట్టేస్తారు.

ఆ బ్రిక్ గేమ్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే, తెర మీద పది గళ్ల అడ్డం, ఇరవై గళ్ల నిలువు. మొత్తం రెండు వందల చిన్న చతురస్రాలు. ఒక్కోటి వెలగడమో ఆరడమో తప్ప ఇంకేం చేయలేదు. కారైనా, ట్యాంకైనా, పామైనా, పైనుంచి పడే ఇటుకైనా ఆ చతురస్రాలతోనే కట్టాలి. పక్కన సన్నటి పట్టీలో పాయింట్లు, స్పీడు, లెవెల్, తరవాత రాబోయే ముక్క. కారు అంటే నిజానికి ప్లస్ గుర్తుకు కింద రెండు కాళ్లు పెట్టినట్టుండే ఒక ఆకారం. దాన్ని కారు అని ఎవరూ చెప్పకుండానే పిల్లలందరికీ కారులాగే కనబడింది. డబ్బా మీద ‘9999 ఇన్ 1’ అని బడాయి. లోపల ఉన్నవి చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఆటలే. స్పీడు మారిస్తే ఒక ఆట, లెవెల్ మారిస్తే ఇంకో ఆట అని గుణించుకుంటూ పోయి ఆ అంకె తెచ్చారు. ఇంతకీ దాని మూలం మాస్కోలో ఉంది. 1984లో అలెక్సీ పజిట్నోవ్ రాసిన టెట్రిస్ అనే కంప్యూటర్ ఆటను 1989లో జపాన్ కంపెనీ నింటెండో తన చేతి వీడియో గేమ్ గేమ్‌బాయ్‌తో కలిపి అమ్మింది. అది చూసి చైనా కార్ఖానాలు చవక నకళ్లు గుద్ది వదిలాయి.

తెర అంత తక్కువ సెల్లుతో నడవడానికి కారణం ఎల్‌సీడీ. అది తానుగా వెలగదు, బయటి వెలుతురును ఆపడమో వదలడమో చేస్తుంది. అందుకే చీకట్లో పనికిరాదు. కరెంటు పోయిన రాత్రి కందిలి పక్కన తెరను వాలుగా పట్టుకుని, కనిపించే కోణం దొరికేదాకా తలలు తిప్పుకోవడం అందరికీ తెలిసిన విద్యే. ఎక్కువ తినేది స్పీకరు. సెల్లు తగ్గగానే ముందు ఆ కీచు పాట బొంగురుపోతుంది, తరవాత ఇటుకలు వెలిసిపోతాయి. తెలివైనవాళ్లు మొదటే మోత కట్టేసి ఆడేవాళ్లు. దానికి ఇంట్లో పడుకున్న నాయిన లేస్తాడన్న భయం కూడా ఒక కారణం.

ఒక తెర ముందు పదిమంది చేరడం పాలమూరుకు వీడియో గేమ్‌తో వచ్చిన అలవాటు కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఏటీఎస్–6 ఉపగ్రహంతో దేశంలో టీవీ ప్రయోగం ఒకటి జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఊరికో టీవీ ఇచ్చారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి తీసుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్, అంటే ఈ పాలమూరు, కూడా ఉంది. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం ఇంకా పూర్తిగా నిలదొక్కుకోని రోజుల్లో ఇక్కడి కొన్ని పల్లెల్లో జనం బడి ముందు నేల మీద కూర్చుని టీవీ చూశారు. తెర అంటే నలుగురితో కలిసి చూసేదనే అలవాటు అప్పుడే పడింది. ఎనభైలలో రామాయణం చూడటానికి టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పులు గుట్టపడటం, తొంభైలలో టీవీకి క్యాసెట్ వీడియో గేమ్ తగిలించి గంటకు ఇంత అని వసూలు చేసిన దుకాణాల ముందు పిల్లలు నిలబడటం, ఆ వరసలోవే.

ఈ వరసలో అందరికీ చోటు దొరకలేదన్న మాట కూడా చెప్పాలి. గంట లెక్కన ఆడించే దుకాణంలో ఆడపిల్ల కనిపించడం అరుదు. ఇంట్లో ఉన్న బొమ్మ కూడా అన్నదమ్ముల చేతులు దాటి వచ్చేసరికి సెల్లు అయిపోయేది. అదే వయసు ఆడవాళ్లను అడిగితే ఎక్కువమంది అష్టాచెమ్మా, ఓమనగుంటలు, కచ్చకాయలు చెబుతారు. వీడియో గేమ్ గురించి అడిగితే, ‘మా తమ్ముడు ఆడేటోడు’ అంటారు. బొమ్మ ఉన్న ఇల్లు ఏదన్నది కూడా ఊరికి తెలిసిన సంగతే. టీచరో, బ్యాంకు గుమాస్తానో, ఇంకో నౌకరీ ఉన్నవాళ్లో. ఆ గుమ్మం లోపలికి ఏ పిల్లలు పోగలరు, ఏ పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకుని బయటి నుంచి చూడాలి అన్నది బొమ్మ తేల్చిన లెక్క కాదు, ఊరు అంతకుముందే తేల్చిపెట్టిన లెక్క. తొంభైల పిల్లలందరి తీపి జ్ఞాపకం అంటూ తిరిగే ఫార్వర్డులలో ఈ కిటికీ ఉండదు.

కిటికీ అవతలి పిల్లలు కూడా తమ చేతులతో ఒక ఎలక్ట్రానిక్ బోర్డు గేమ్ చేసుకున్నారు. దానికి బ్రాండు లేదు, డబ్బా లేదు. సర్కారు బడుల్లో సైన్స్ ఫెయిర్ వచ్చిందంటే తప్పకుండా కనిపించే ప్రశ్న–జవాబుల బోర్డు అది. పెళ్లిపత్రిక అట్టనో, పాత క్యాలెండర్ అట్టనో తీసుకుని, ఎడమ పక్క ప్రశ్నలు, కుడి పక్క జవాబులు తారుమారు వరసలో రాస్తారు. ఒక్కోదాని పక్కన ఒక డ్రాయింగ్ పిన్ను గుచ్చుతారు. అట్ట వెనక ప్రతి ప్రశ్న పిన్నును దాని సరైన జవాబు పిన్నుతో తీగ వేసి కలుపుతారు. సెల్లు, టార్చి బల్బు, రెండు వదులు తీగలు. ఒక తీగ ప్రశ్న మీద, ఇంకోటి జవాబు మీద పెట్టాలి. జవాబు సరైతే వలయం పూర్తయి బల్బు వెలుగుతుంది.

తీగ ఎక్కడిది అన్నదాంట్లో ఈ ప్రాంతం ముద్ర ఉంది. చెరువులు ఎండి బోర్ల మీద బతికే నేల ఇది. లో వోల్టేజీకి మోటర్లు కాలిపోవడం, వాటిని వైండింగ్ షాపుకు మోయడం ప్రతి వేసవి తంతు. ఆ షాపు ముందు పారేసిన రాగితీగ చుట్టలే పిల్లల ముడిసరుకు. చిక్కల్లా ఆ తీగ చూడటానికి ఉత్త రాగిలా మెరుస్తుంది గానీ పైన సన్నటి వార్నిష్ లాంటి పూత ఉంటుంది. మోటరులో చుట్టలు ఒకదానికొకటి తగిలి షార్ట్ కాకుండా వేసిన పూత అది. తెలియక అలాగే చుట్టేస్తే ఎన్ని పిన్నులు ముట్టించినా బల్బు వెలగదు. తీగ కొసలను బ్లేడుతో గీకాలి, లేదా అగ్గిపుల్లతో కాల్చి గరుకు కాగితంతో రుద్దాలి. గీకిన కొస పిన్నుకు చుట్టి మళ్లీ ముట్టించినప్పుడు వెలిగిన ఆ గోధుమ రంగు మిణుకు, కరెంటు పాఠం పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాని సంగతిని ఒక్కసారిలో చెప్పేసేది.

దీని లోపం కూడా ముచ్చటైనదే. నాలుగు రోజులు ఆడాక పిల్లలకు జవాబులు కాదు, పిన్నులు కంఠతా వచ్చేవి. మూడో ప్రశ్నకు కింది నుంచి రెండోది అని కళ్లు మూసుకుని పెట్టేవాళ్లు. దుకాణంలో కొన్న బోర్డులదీ ఇదే కథ. పైన పెట్టే ప్రశ్నల కాగితం మార్చినా కింద తీగల అల్లిక మారదు. అది పట్టేసినవాడికి ఏ రాజధాని పేరూ తెలియనక్కర్లేదు. సైమన్ వరస ఎప్పటికప్పుడు కొత్తగా పుడుతుంది కాబట్టి అక్కడ ఈ పప్పు ఉడకదు. కానీ సైమన్ డబ్బా విప్పితే కనిపించేది ఒక నల్లటి చిప్పు, అది ఏం చేస్తోందో కంటికి తెలియదు. అట్టను వెనక్కి తిప్పితే మొత్తం రహస్యం తీగల్లో కనిపిస్తుంది. తీర్పరి కడుపులో ఏముందో పిల్లలు చూసిన ఆట ఇదొక్కటే.

ఇప్పటి సంగతికి వస్తే, నలభై దాటినవాళ్లు ఆన్‌లైన్‌లో బ్రిక్ గేమ్ మళ్లీ కొంటున్నారు. వస్తుంది, ఆన్ చేస్తారు, పాట వినగానే ముఖం వెలుగుతుంది. రెండు ఆటలు ఆడాక టీవీ పక్కన పెడతారు. అంతే. బొమ్మ మారలేదు, అవే రెండు వందల గళ్లు. మారింది వరస. ఎవరూ అడగని చోట వంతుకు విలువ లేదు. 2006లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్తలు టిమ్ వైల్డ్‌షుట్, కాన్‌స్టాంటిన్ సెడికిడెస్ బృందం, మనుషులు రాసిచ్చిన ఇలాంటి జ్ఞాపకాలను పరిశీలించింది. రాసినవాళ్లు వాటిలో ముఖ్యపాత్రలే గానీ ఒంటరిగా ఉండటం తక్కువ. చుట్టూ ఎవరో ఒక దగ్గరివాళ్లు ఉంటారు. కొరియర్ డబ్బాలో వచ్చేది వస్తువు ఒక్కటే కాబట్టి మిగతాది వెలితిగానే ఉండిపోతుంది.

ఇంకో తమాషా ఉంది. ‘ఇవి మీ చిన్నప్పుడు ఆడారా’ అంటూ సైమన్, ఆపరేషన్ ఫొటోలు గ్రూపుల్లో తిరుగుతుంటే, వాటిని జన్మలో ముట్టుకోనివాళ్లు కూడా ‘ఆ రోజులే వేరు’ అని పెడుతుంటారు. అబద్ధం అనడానికి లేదు. నుమాయిష్‌లో అద్దం అవతల చూసి ఉంటారు, పక్కింటి అబ్బాయి చేతిలో చూసి ఉంటారు. ఒక్క ‘లైఫ్’ కూడా దొరకని ఆట మీద కూడా మమకారం పుడుతుంది, బహుశా దొరకలేదు కాబట్టే ఇంకాస్త ఎక్కువగా.

జాతర దుకాణాల సరుకులోనూ కొంత మార్పు వచ్చింది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. పదునైన అంచులు, విషపు రంగులు, వేడెక్కే సెల్లు పెట్టెలు పోవాలంటే ఈ కట్టడి అవసరమే. పాత బొమ్మలు ఈ పరీక్షలకు నిలబడేవి కావు. సెల్లు కొరికిన తరం అంటున్న మాట కాబట్టి దీన్ని కొంచెం అనుమానంగానే వినాలి.

అటక మీద నుంచి అసలు పాతదే దొరికినవాళ్లకు మాత్రం పని ఉంది. తెర మీద నిలువు గీతలు మాయమైతే చిప్పు పోయిందని పారేయొద్దు. తెరకూ సర్క్యూట్ బోర్డుకూ నడుమ చారల రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. కరెంటు పోనిచ్చే పొర ఒకటి, పోనివ్వని పొర ఒకటి, అలా వందల పొరలు. స్క్రూలు వదులైనా, దుమ్ము చేరినా కొన్ని గీతలు తెగిపోతాయి. పట్టీని స్పిరిట్‌తో తుడిచి, స్క్రూలు సమంగా బిగిస్తే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. బటన్ పని చేయకపోతే దాని కింద రబ్బరు మీద ఉండే నల్లటి కార్బన్ బిళ్ల అరిగిపోయి ఉంటుంది. మెత్తటి పెన్సిల్‌తో దాని మీద నల్లగా రుద్దితే కొన్నాళ్లు లాగుతుంది.

సెల్లు గదిలో స్ప్రింగుల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుని ఉంటే అది పాత సెల్లు కారిన గుర్తు. జింక్–కార్బన్ సెల్లులో జింకు డబ్బాయే ఇంధనం. కరెంటు ఇచ్చే కొద్దీ డబ్బా గోడ తానే కరిగి పల్చబడుతుంది. ఆఖరికి చిల్లు పడి లోపలి తడి బయటికొస్తుంది. పంటిగాటు పడ్డచోట ఇంకా ముందే పడుతుంది. ఆ కారినది ఆమ్లం కాబట్టి వంటసోడా తడిపి బ్రష్‌తో రుద్ది, ఆరనివ్వాలి. ఆల్కలైన్ సెల్లు కారితే లెక్క తిరగబడుతుంది, అప్పుడు నిమ్మరసం. మెరిసేదాకా రుద్దాక కొత్త సెల్లు వేసి ఒక ఆట ఆడొచ్చు. తిరిగి దాచిపెట్టేటప్పుడు మాత్రం సెల్లు తీసేయాలి, బొమ్మతో పాటు ఆ గాట్లు కూడా దాచుకోవాలని ఎంత అనిపించినా సరే.